పదిహేనో అధ్యాయం తర్వాత

ధ్యాన భాగం: 1 కొరింథీయులకు 15:50 – 16:4

ఈస్టర్ వేకువన సమాధుల తోటలో మనలో చాలామందిమి విన్నది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని పదిహేనో అధ్యాయమే. కడబూర మోగుతుందని, మృతులు అక్షయులుగా లేస్తారని, మరణానికి ఇక ముల్లు లేదని చెప్పే అధ్యాయం. కొత్తగా సున్నం వేసిన సమాధులు, వాటి మీద బంతిపూల దండలు, గాలికి రెపరెపలాడే కొవ్వొత్తులు, చుట్టూ కుటుంబాలు. ఆ మాటలు వినడానికి అంతకంటే తగిన చోటు లేదు. అయితే పండుగ దాటిన ఈ వారంలో అక్కడితో ఆగవద్దు. పుట తిప్పి పదహారో అధ్యాయం చదవండి. పౌలు మొట్టమొదట ఎత్తుకున్నది చందా విషయం.

మరణాన్నే సవాలు చేసిన నోటితో వెంటనే చందా మాటేమిటని కొందరికి చప్పగా అనిపించవచ్చు. మన ఈస్టర్ ప్రసంగాలు కూడా 58వ వచనం దగ్గరే ముగుస్తాయి. కానీ అధ్యాయాలుగా విడదీసింది పౌలు కాదు. ఇప్పుడు మన బైబిలులో ఉన్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొరింథులో ఎవరో ఒకరు లేచి నిలబడి ఈ ఉత్తరాన్ని సంఘానికి చదివి వినిపించిన రోజున బూర మాట, చందా మాట వెంటవెంటనే వాళ్ల చెవిన పడ్డాయి. మరణం మీద గెలుపు మాటకూ చందా మాటకూ నడుమ ఉన్నది 58వ వచనం ఒక్కటే. కదలక నిలబడి ప్రభువు పనిలో మరింతగా సాగమని, ఆ ప్రయాస వట్టిపోదని ధైర్యం చెప్పే వచనం అది. ప్రభువు పని అంటే ఏమిటని అడిగేవారికి జవాబు ఆ తర్వాతి వాక్యంలోనే మొదలవుతుంది.

పౌలు అప్పుడు ఎఫెసులో ఉన్నాడు. పెంతెకొస్తు దాకా అక్కడే ఉంటానని రాశాడు. ఇదే ఉత్తరం ఐదో అధ్యాయంలో క్రీస్తును మన పస్కా పశువుగా చూపించాడు. పస్కాకూ పెంతెకొస్తుకూ నడుమనో, ఆ దరిదాపుల్లోనో రాసి ఉంటాడని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. అదే అయితే, ఇప్పుడు మనం గడుపుతున్న రోజుల్లోనే ఈ ఉత్తరం పుట్టిందన్నమాట.

కొరింథు రెండు రేవుల మధ్య ఉన్న వ్యాపారపు పట్నం. అక్కడి సంఘంలో కలిగినవారూ లేనివారూ ఒకే బల్ల చుట్టూ చేరేవారు, కానీ ఒకరు ఆకలితో ఉండగానే మరొకరు మత్తెక్కేదాకా తాగేవారని పదకొండో అధ్యాయం బాధతో చెబుతుంది. మృతులకు పునరుత్థానం లేదన్నవాళ్లు కూడా ఆ సంఘంలోనే ఉన్నారు. ఈ రెండూ వేర్వేరు తప్పులని నేను అనుకోను. ఈ దేహం ఎలాగూ మట్టిపాలయ్యేదే అనుకున్నవాడికి పక్కవాడి కడుపు కాలడం పెద్ద విషయంగా తోచదు. దేవుడు ఆ పక్కవాడి దేహాన్ని మహిమతో లేపబోతున్నాడని నమ్మితే మాత్రం అతని ఆకలిని, జబ్బుని, అలసటని చూసీ చూడనట్టు దాటిపోవడం కష్టం. లేచిన ప్రభువు ఏం చేశాడో చూడండి. తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క శిష్యుల ముందే తిన్నాడు. తిబెరియ ఒడ్డున, రాత్రంతా వల వేసినా ఏమీ దొరకని వాళ్లకోసం నిప్పులు రాజేసి పొద్దుటి భోజనం సిద్ధం చేశాడు. మరణాన్ని గెలిచిన చేతులు మనుషులకు వండిపెట్టాయి.

ఆ చందా యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం. ప్రతి ఆదివారం, ప్రతి ఒక్కరూ, తమకు కలిగినదాన్ని బట్టి కొంత తీసి దాచమన్నాడు పౌలు. తాను వచ్చాక హడావుడిగా పోగుచేయవద్దన్నాడు. ఆదివారమంటే ప్రభువు లేచిన దినం. పునరుత్థాన పండుగ వాళ్లకు వారం వారం వచ్చేది, వచ్చిన ప్రతిసారీ యెరూషలేములోని ఆకలి గుర్తుకు వచ్చేది. పైగా సొమ్ము తీసుకువెళ్లే నమ్మకస్తులను మీరే ఎంచుకోండి అన్నాడు. డబ్బు దగ్గర అపొస్తలుడే అంత జాగ్రత్తపడ్డాడంటే, నేటి సంఘపెద్దలు ఈ నాలుగు వచనాలను మళ్లీ మళ్లీ చదవడం మంచిది.

ఆ పని చప్పున తెమల్లేదు. ఏడాది గడిచినా కొరింథువారు మొదలుపెట్టినది ముగించలేదు. రెండో పత్రికలో ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు అందుకే ఖర్చయ్యాయి. కడు పేదలైన మాసిదోనియవారు తమ శక్తికి మించి ఇచ్చిన సంగతి చెప్పాడు, తీతును పంపాడు. చివరికి అకయవారు కూడా సంతోషంగా పాలుపంచుకున్నారని రోమీయులకు రాసిన పత్రికలో కనిపిస్తుంది. కొరింథు ఆ అకయలోదే. ఆ సహాయం పట్టుకుని యెరూషలేము చేరిన పౌలును దేవాలయంలో పట్టుకున్నారు. అధిపతి ఫేలిక్సు ఎదుట తన పక్షాన మాట్లాడుతూ, నా జనులకు దానద్రవ్యం తెచ్చానని చెప్పాడు. మరో నాలుగు వచనాల తర్వాత, మృతుల పునరుత్థానం గురించే నన్ను విచారిస్తున్నారని చెప్పాడు. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయంలో ఈ రెండు మాటలూ ఒకే విచారణలో, ఒకే నోట వచ్చాయి. వాటిని విడదీసి చూడడం మనం నేర్చుకున్న అలవాటే.

మన నేల మీద ఈ సంగతిని బాగా ఎరిగిన వ్యక్తి అజరయ్య గారు. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకుని బతికే పేదలు. క్రైస్తవుడు ఇవ్వడం నేర్చుకోవాలని ఆయన బోధించారు, ఆ విషయం మీద పుస్తకమే రాశారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే అలవాటు తెలుగు సంఘాల తల్లులకు బాగా తెలుసు. ఏ పూటకు ఆ పూట సరిపోతే చాలనుకునే ఇంట్లో ఆ పిడికెడు చిన్నది కాదు. ఎప్పుడూ పుచ్చుకునే చేతులే అని ఊరు అనుకున్న చేతులు ఇచ్చే చేతులయ్యాయి. లేచిన క్రీస్తు ఒక మనిషిని ఎలా నిలబెడతాడో నాకు అక్కడ కనబడుతుంది.

మొన్న పూలదండ వేసివచ్చిన సమాధుల్లో ఒకదాని తాలూకు విధవరాలు మన వీధిలోనే ఉండవచ్చు. ఆమె మందులు ఎవరు తెస్తున్నారు? జూన్‌లో బడులు తెరుస్తారు. పుస్తకాలకు, యూనిఫారానికి అప్పు చేయబోయే తండ్రి మన సంఘంలో ఎవరు? మన ఇంట్లో అంట్లు తోమే అక్క జీతం పండుగ ఖర్చుల్లో పడి ఆగిపోయిందా? పదహారో అధ్యాయంలోనే పౌలు ఇంకో మాట చేర్చాడు: తిమోతి వస్తే మీ మధ్య భయం లేకుండా ఉండేలా చూడండి, అతణ్ణి ఎవరూ తక్కువ చేయవద్దు అని. చిన్న ఊళ్లో ఒంటరిగా సేవ చేస్తున్న కుర్ర పాస్టరు గారు మీకు తెలిసి ఉంటే, ఈ సాయంత్రం ఫోన్ చేసి, భోజనం చేశారా అయ్యగారూ అని అడగండి. రాబోయే ఆదివారానికి మీరు తీసి ఉంచే కవరు మీద ఒక మనిషి పేరు రాయండి. ఎవరి పేరు రాయాలో ఈ ఉదయమే ప్రభువును అడుగుదాం.

ప్రార్థన: లేచిన ప్రభువా, మేము మరిచిపోయిన ఒక మనిషి పేరు ఈ రోజు మాకు గుర్తుచేయి. ఆ ఇంటికి వెళ్లడానికి సిగ్గుపడితే మా సిగ్గు తీసివేయి. సగంలో ఆపేసిన మంచి పనిని ముగించే ఓపిక కొరింథువారికి ఇచ్చినట్టు మాకూ ఇవ్వు. మేము తెచ్చేది కొంచెమే అయినా నీ చేతిలోకి తీసుకో. ఆమేన్.