ముందు ఆ పిల్లని అడిగావా?

చిట్టితల్లీ,

నీ స్నేహితురాలి వీడియో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టినవాడికి ఆదివారంలోగా బుద్ధి చెప్పి తీరతానన్నావు. "చూస్తూ ఊరుకోమంటావా అమ్మమ్మా?" అన్నావు. ఊరుకోమనను. ఫోన్లో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

దసరా సెలవుల్లో మనిద్దరం చూసిన సినిమా గుర్తుందా? 2019లో వచ్చిన 'నాన్సీ డ్రూ అండ్ ది హిడెన్ స్టెయిర్‌కేస్'. తన స్నేహితురాలు బెస్‌ని ఆన్‌లైన్‌లో నవ్వులపాలు చేసినవాడి మీద నాన్సీ పగ తీర్చుకుంటుంది. షవర్లోంచి నీలిరంగు నీళ్లు పడి వాడి ఒళ్లంతా నీలమైపోతుంది. నువ్వు సోఫా మీదికెక్కి చప్పట్లు కొట్టావు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా సిరాబుడ్డి గుర్తొచ్చి గతుక్కుమన్నాను.

నా తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి నా స్నేహితురాలి పరికిణీకి ఉన్న అతుకు చూపించి నలుగురి ముందు వెక్కిరించింది. నాకు ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్లగానే ఆ అమ్మాయి పుస్తకాల సంచిలో సిరాబుడ్డి వొంపేశాను. సాయంత్రం పంతులమ్మ అందరి ముందూ నిలబెట్టి, ఎందుకు పోశావంది. కారణం చెప్పక తప్పలేదు. అప్పటిదాకా నలుగురికే తెలిసిన అతుకు సంగతి బడి మొత్తానికీ తెలిసింది, అదీ నా నోటితోనే. నా స్నేహితురాలు వారం రోజులు బడికి రాలేదు. వచ్చాక ఒక్క మాటే అంది, "నన్నొక్కసారి అడగాల్సింది." ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

నాన్సీకీ ఆ రంగునీళ్ల పని ఊరికే పోలేదు, సమాజసేవ చేయమని శిక్ష పడింది. సినిమాలో నాకు నచ్చింది ఆ తర్వాతి కథ. హెలెన్ ఆ ఏడిపించినవాడి గర్ల్‌ఫ్రెండ్. అయినా వాళ్ల పెద్దావిడ ఫ్లోరా ఇంట్లో దయ్యం గుట్టు తేల్చేటప్పుడు నాన్సీ పక్కన నిలబడింది ఆ పిల్లే. నీకో సంగతి తెలుసా? 1930లో మొదలైన నాన్సీ డ్రూ పుస్తకాల్లో హెలెన్ మొదటినుంచీ నాన్సీ స్నేహితురాలే. బెస్, ఇంకో స్నేహితురాలు జార్జ్ వచ్చింది ఐదో పుస్తకంలో. సినిమావాళ్లు ఆ పాత స్నేహితురాలిని ఎదుటి జట్టులో పెట్టి, మెల్లగా ఇటు తెచ్చారు. మీ గ్రూపులో వీడియో చూసి నవ్వనివాళ్లూ ఉంటారు. అందరినీ ఒకే గాటన కట్టకు.

డిటెక్టివ్ కథలంటే పడి చస్తావు కదా, ఆ తెలివి ఇక్కడ వాడు. ఆ మెసేజ్ ఎవరు, ఎప్పుడు పెట్టారో కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచు. వీడియో మాత్రం ఇంకెవరికీ పంపకు, "చూడండి ఎంత అన్యాయమో" అని కూడా పంపకు. నీ స్నేహితురాలు సరేనంటే ఇద్దరూ కలిసి వాళ్లమ్మకీ, క్లాసు టీచరుకీ చెప్పండి. పెద్దవాళ్లు పట్టించుకోకపోతే పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. వాడికి శిక్ష పడాల్సిందే. కానీ దాని కోసం నీ స్నేహితురాలు మరోసారి తల దించుకోకూడదు.

ఇవాళ సాయంత్రం వాళ్లింటికి వెళ్లు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లు. పక్కన కూచో. ఏడిస్తే ఏడవనీ. "నన్నేం చేయమంటావే?" అని అడుగు. తను చెప్పిందే చెయ్యి.

మీ అమ్మమ్మ