రాక్షసి కాపాడిన బిడ్డ, వెనక్కి జరిగిన అమ్మమ్మ

ఈ వారం వీడియోలో జరాసంధుడి పుట్టుక గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన ఒక ప్రశ్న ఇక్కడ రాస్తున్నాను. అశుభం అని మనం ముద్ర వేసినవాళ్ల చేతుల మీదుగా శుభం జరగదా?

కథ మహాభారతం సభాపర్వంలోది. మగధ రాజు బృహద్రథుడికి ఇద్దరు రాణులు. ముని ఇచ్చిన ఒక్క మామిడిపండును చెరి సగం తిన్నారు. పుట్టినవి కూడా రెండు సగం శరీరాలే. భయపడి బయట పారేయించారు. వాటిని తినడానికి వచ్చిన జర అనే రాక్షసి, మోసుకుపోవడం తేలికని రెండు ముక్కలూ కలిపింది. బిడ్డ కేర్‌మన్నాడు. ఆమె మనసు మారింది. తీసుకెళ్లి రాజు చేతిలో పెట్టింది. ఎందుకంటే, ఆ ఇంట్లో తనకు రోజూ పూజ జరుగుతోందట, ఆ రుణం తీర్చుకోవాలని చూస్తోందట. పిల్లల మధ్య తన బొమ్మ గోడ మీద గీసుకున్న ఇల్లు చల్లగా ఉంటుందని కూడా చెప్పింది.

ఇట్లాంటి తల్లులు ఇంకా ఉన్నారు. పిల్లల్ని ఎత్తుకెళ్లే యక్షిణి హారీతి, బుద్ధుడి మాటతో పిల్లల్ని కాపాడే దేవత అయిందని బౌద్ధ కథ. ఇక్ష్వాకుల కాలంలో మన నాగార్జునకొండలోనే ఆమెకు గుడి ఉండేది. ఇరాక్, ఇరాన్ నదుల ఒడ్డున బతికిన మాండియన్ల మతంలో జహ్రేల్ అని ఒకామె ఉంది. పుట్టింది పాతాళం లాంటి చీకటి లోకంలో. కానీ ప్రసవించే తల్లి మంచం దగ్గర కాపలా ఉండేది ఆమేనని వాళ్ల నమ్మకం.

భయంతో పెట్టే దండం భక్తి ఎట్లా అవుతుంది, అది లంచం కదా అని ఇంజినీరింగ్ రోజుల్లో నేనే వాదించేవాణ్ణి. కానీ లంచం ఇచ్చేవాడికి ఏం కావాలో ముందే తెలుసు. జరకు పూజ చేసినవాళ్లకు ఆమెతో ఏ పని పడుతుందో తెలియదు. ఇంట్లో ఆమెకూ ఒక చోటు ఇచ్చారు, అంతే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది కోరుట్ల, అక్కను ఇచ్చింది సిరిసిల్ల. పోయినేడు బాబు పుట్టినప్పుడు 21 రోజులూ స్నానం పోసింది అమ్మమ్మే. రాత్రిళ్లు ఏడిస్తే లేచింది ఆమే. దిండు కింద ఇనుప ముక్క పెట్టింది కూడా ఆమే. తొట్టెలలో వేసే టైమ్‌కి ఎవరో "ముత్తైదువలు ముందుకు రండి" అన్నారు. తాతయ్య పోయి పదేళ్లు. అమ్మమ్మ తనంతట తానే తలుపు దాకా వెనక్కి జరిగింది. ఎవరూ పొమ్మనలేదు. ఆగమని కూడా ఎవరూ అనలేదు. నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. అందులో ఆమె ఎక్కడా లేదు.

రాక్షసిని గృహదేవత అన్న కథ మనదే. బిడ్డను సాకిన చేతిని పక్కన పెట్టేదీ మనమే. శుభం, అశుభం అనేవి నుదుటి మీద ఉండవు, చేసిన పనిలో ఉంటాయి. ఇది జర కథ విన్నాక కాదు, ఆ వీడియో మళ్లీ చూసినప్పుడు నాకు అర్థమైంది.

వచ్చే నెల ధర్మపురిలో బాబు పుట్టు వెంట్రుకలు. మేనమామను కాబట్టి బాబు నా ఒళ్లో కూర్చుంటాడు. నా పక్కన అమ్మమ్మ కూర్చోవాలని ఇంట్లో చెప్పేశాను. నరసింహస్వామి దగ్గరే యమధర్మరాజుకు కూడా గుడి ఉన్న ఊరు అది. యముడికి చోటున్న చోట అమ్మమ్మకు లేదంటే ఎట్లా?

అమ్మ ఇంకా ఔననలేదు. అడుగుతూనే ఉన్నాను. మీ ఇంట్లో ఫంక్షన్ అయితే, తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారో ఒకసారి తిరిగి చూడండి.