పూతనకు తల్లి స్థానం దొరికింది... మరి మనింటి బాలింతకు?

 

ఈ వారం వీడియోలో పూతన కథ చెప్పుకున్నాం. టైం సరిపోక కొన్ని విషయాలు వదిలేశాను. అవి ఇక్కడ రాస్తున్నాను. అసలు ఈ టాపిక్ ఎందుకు ఎత్తుకున్నానో కూడా చెప్పాలి.

మన ఛానల్ చూసే ఒక చెల్లెలు ఆ మధ్య మెసేజ్ పెట్టింది. వాళ్ళ వదినకు కాన్పయి పన్నెండో రోజు. మూడు రాత్రులుగా కన్ను మూయలేదు. ఎవరో పిలుస్తున్నారంటోంది. పాపను చూసి "ఇది నా బిడ్డ కాదు, మార్చేశారు" అంటోంది. ఇంట్లో పెద్దవాళ్ళేమో "పురిటి గదిలో గాలి సోకింది, ఏదో ఆడదయ్యం పట్టింది, అమావాస్యకి భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్దాం" అన్నారట. ఆ అమ్మాయి నన్ను అడిగింది ఒక్కటే: "అన్నయ్యా, ఏ స్తోత్రం చదివితే అది వదిలిపోతుంది?"

నేనన్నాను: "ముందు ఈ రాత్రే హాస్పిటల్‌కి బయల్దేరండమ్మా. స్తోత్రం సంగతి దారిలో మాట్లాడుకుందాం."

భక్తి గురించి చెప్పేవాడు ఇలా అన్నాడేంటి అని కొందరికి అనిపించొచ్చు. ఈ మాట నేను భాగవతం చదివే అన్నాను. ఎలాగో చూద్దాం.

ఈ దయ్యాలన్నీ ఎవరు?

మీలో చాలామంది 2018లో వచ్చిన హిందీ సినిమా 'స్త్రీ' చూసే ఉంటారు. గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాయడం మన అమ్మానాన్నలకు సినిమా కాదు, కళ్ళారా చూసింది. 1990ల్లో మన ఊళ్ళలో ఎన్నో తలుపుల మీద ఈ అక్షరాలు ఉండేవి. కర్ణాటకలో ఇదే మాట "నాళె బా" అని కనిపించేది. రాత్రిపూట ఒక ఆడగొంతు పేరు పెట్టి పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని భయం.

ఉత్తరాదికి వెళితే ఆమె పేరు చుడైల్. అందమైన ఆడదానిలా కనిపిస్తుంది, పాదాలు మాత్రం వెనక్కి తిరిగి ఉంటాయి అంటారు. బెంగాల్లో పెళ్ళి కాకుండా పోయిన ఆడపిల్ల పేత్ని అవుతుందని, శంఖు గాజులతో పోయిన ఇల్లాలు శాంకచున్ని అవుతుందని నమ్మకం. కేరళలో ఏడాకుల పాల చెట్టు మీద యక్షి ఉంటుందని, దారిన పోయేవాడిని ఆపి తాంబూలానికి సున్నం అడుగుతుందని చెబుతారు. మన దగ్గర కామినీ దయ్యం, శాకిని, ఢాకిని. పేర్లు వేరు. కానీ ఒక్క ప్రశ్న అడిగి చూడండి: చచ్చిపోక ముందు ఈమె ఎవరు?

చుడైల్ సంగతే తీసుకోండి. జానపద నమ్మకం ప్రకారం ఆమె కడుపుతో ఉండి పోయిన ఆడది, లేదా కాన్పులో పోయినది, లేదా పురుడు తీరకముందే పోయినది. అత్తింట్లో హింస పడి పోయినా చుడైల్ అవుతుందంటారు. అందుకే ఆమె ముందుగా వెతుక్కుంటూ వచ్చేది తనను బాధపెట్టిన ఇంటికే అని చెబుతారు. ఉత్తర భారతదేశపు జానపద విశ్వాసాల మీద విలియం క్రూక్ అనే బ్రిటిష్ అధికారి 1890ల్లో పుస్తకం రాశాడు. అలా పోయిన ఆడవాళ్ళు తిరిగి రాకుండా శవం వేళ్ళకు మేకులు కొట్టడం, దారి పొడవునా ఆవాలు చల్లడం వంటివి అందులో నమోదయ్యాయి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆమె బతికుండగా నొప్పులు పడుతుంటే ఎవరూ పరిగెత్తలేదు. చచ్చాక ఎక్కడ తిరిగొస్తుందోనని మేకులు పట్టుకుని పరిగెత్తారు. ఈ కథల్లో భయపెట్టేది దయ్యం అనుకుంటాం. నాకైతే ఆ ఇంటివాళ్ళ తప్పే భయంగా మారి తలుపు తట్టిందని అనిపిస్తుంది.

దయ్యాలు ఉన్నాయా, లేవా అన్న వాదనలోకి నేను వెళ్ళను. ఉన్నాయనుకునేవారైనా, లేవనుకునేవారైనా, మన గ్రంథాలు ఇలాంటి ఆడశక్తితో ఎలా నడుచుకోమన్నాయో తెలుసుకోవాలి.

కన్నయ్య ఏం చేశాడు?

భాగవతం దశమ స్కంధం, ఆరో అధ్యాయం. కంసుడు పంపిన పూతన పసిపిల్లల్ని చంపుతూ ఊళ్ళు తిరుగుతోంది. అందమైన స్త్రీ రూపంలో వ్రేపల్లెకు వచ్చింది. యశోద, రోహిణి అక్కడే ఉన్నారు. ఆ అందం, ఆ ప్రేమ నటన చూసి చేష్టలుడిగి నిలబడిపోయారు. ఆమె చిన్ని కృష్ణుణ్ణి ఒళ్ళో పెట్టుకుని విషం పూసిన రొమ్ము అందించింది. స్వామి పాలతో పాటు ప్రాణాలూ తాగేశాడు. ఆమె అసలు రూపంతో కూలిపోతే ఆరు కోసుల మేర చెట్లు నుజ్జయ్యాయి.

ఇంతవరకూ అందరికీ తెలుసు. తర్వాతి భాగం తక్కువమంది చెబుతారు. గోపాలకులు ఆ దేహాన్ని గొడ్డళ్ళతో నరికి, దూరంగా తీసుకెళ్ళి కాల్చారు. ఆ పొగ అగరు వాసన వేసింది! శుకమహర్షి పరీక్షిత్తుకు కారణం చెబుతాడు: కృష్ణుడు పాలు తాగాడు కాబట్టి ఆమె పాపమంతా ఆ క్షణంలోనే పోయింది. చంపాలని వచ్చినదానికి తల్లికి దక్కే గతి దక్కింది. మరి ప్రేమతో పాలిచ్చిన తల్లుల సంగతి చెప్పాలా అంటాడాయన.

"కానీ అన్నా, చంపేశాడు కదా?" అని మీరు అడగొచ్చు. నిజమే, చంపాడు. ఆమె చేస్తున్న హత్యలు ఆపకుండా వదల్లేదు. దుర్మార్గాన్ని ఆపడం వేరు, ఆ మనిషిని శాశ్వతంగా అసహ్యించుకోవడం వేరు. స్వామి మొదటిది చేశాడు, రెండోది చేయలేదు. విషం ఆయన తీసుకుని, "పాలిచ్చింది" అన్న ఒక్క విషయం లెక్కలో రాసుకున్నాడు.

మహాభారతం సభాపర్వంలో జర కథ ఉంది. మగధ రాజు బృహద్రథుడి ఇద్దరు భార్యలకు చెరో సగం శిశువు పుడితే, దాదులు ఆ ముక్కల్ని నాలుగు దారుల కూడలిలో పారేశారు. అక్కడికి వచ్చిన జర అనే రాక్షసి మోసుకుపోవడానికి వీలుగా రెండు ముక్కల్నీ కలిపింది. అంతే, బిడ్డ కెవ్వుమన్నాడు! ఆ ఏడుపు విన్నాక ఆమె తినలేకపోయింది. తీసుకెళ్ళి రాజు చేతిలో పెట్టింది. జరాసంధుడు అన్న పేరు అలా వచ్చిందే. రాజు ఆమెను తరిమేయలేదు. ఆమె పేరున మగధలో ఉత్సవం చేయించాడు. ఆమెను గృహదేవిగా గోడల మీద బొమ్మ వేసి కొలిచిన ఇల్లు వృద్ధి అవుతుందని ఆ కథలోనే ఉంది. "రేపు రా" అని గోడ మీద రాయడానికి, ఆమె బొమ్మనే గోడ మీద వేసి పూజించడానికి ఎంత తేడా ఉందో చూడండి.

బౌద్ధుల్లోనూ ఇలాంటి కథ ఉంది. హారీతి రాజగృహంలో పిల్లల్ని ఎత్తుకుపోయి తినేది. బుద్ధుడు ఆమె చిన్న కొడుకును దాచాడు. కడుపుకోత ఏంటో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత పిల్లల్ని కాపాడే తల్లిగా మారింది. మన పల్నాడులోని నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి హారీతి ఆలయం తవ్వకాల్లో బయటపడింది కూడా.

ఇక మన తెలుగు ఊళ్ళలో అర్ధాంతరంగా పోయిన ముత్తయిదువను పేరంటాలుగా కొలవడం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పసుపు, కుంకుమ, చీర, గాజులు పెడతారు. "నిన్ను మరిచిపోలేదమ్మా, నువ్వు మా ఇంటిదానివే" అని చెప్పడం అది.

మరి రక్ష సంగతి?

ఆ చెల్లెలు అడిగిన ప్రశ్నకు వద్దాం. పూతన పోయాక గోపికలు కృష్ణుడికి రక్ష కట్టారు. ఆవు తోకతో దిష్టి తీశారు, గోధూళి అద్దారు, పన్నెండు చోట్ల విష్ణు నామాలతో రక్ష పెట్టారు. ఢాకినులు, రేవతి, జ్యేష్ఠ, పూతన వంటి పిల్లల్ని పట్టే శక్తులన్నీ విష్ణు నామం వింటే పారిపోతాయని ఆ రక్షలోనే వస్తుంది. కాబట్టి నామం చదవండి, తప్పకుండా చదవండి. అయితే ఆ రక్ష అయిన వెంటనే యశోద ఏం చేసింది? బిడ్డకు పాలిచ్చి పడుకోబెట్టింది. మంత్రం తర్వాత ఆకలి, నిద్ర చూసింది.

సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో తొమ్మిది బాలగ్రహాల గురించి ఉంది. అందులో పూతన, అంధపూతన, శీతపూతన అని మూడు పేర్లున్నాయి. అక్కడ బలి, ప్రార్థన ఉన్నాయి. వాటితో పాటు కషాయాలతో స్నానం, మర్దనకు నూనెలు, ధూపాలు ఉన్నాయి. గ్రహం అని పేరు పెట్టిన వైద్యుడు కూడా మందు మానేయమనలేదు.

ఈ రోజు ఆ మందు ఇంకా బాగా తెలుసు. కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లో నిద్ర పూర్తిగా పోవడం, లేని గొంతులు వినిపించడం, బిడ్డ మారిపోయిందనుకోవడం... దీన్ని డాక్టర్లు పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటారు. సుమారు 1000 కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. ఇది ఎమర్జెన్సీ, తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. చికిత్స చేస్తే చాలామంది కోలుకుంటారు. అంత తీవ్రంగా కాకుండా వారాల తరబడి దిగులు, ఏడుపు, బిడ్డ మీద మనసు లేకపోవడం ఉంటే అది పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్ కావచ్చు. అది ఇంకా ఎక్కువమందికి వస్తుంది, దానికీ చికిత్స ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల్ని విడదీయకుండా కలిపి చూసే వార్డే ఉంది.

చుడైల్ కథల్లోని కాన్పు చావులకూ కారణాలు తెలుసు: రక్తస్రావం, ఇన్ఫెక్షన్, బీపీ. మన దేశంలో 2004-06లో లక్ష కాన్పులకు 254 మంది తల్లులు పోయేవారు. 2018-20 నాటికి అది 97కి తగ్గింది. తాయెత్తులతో తగ్గలేదు, హాస్పిటల్ కాన్పులు, వైద్యం పెరిగి తగ్గింది.

బతికున్న మనిషికి దయ్యం పేరు పెడితే

ఈ భయం చచ్చినవాళ్ళతో ఆగదు. జార్ఖండ్‌లో ఛుట్నీ మహతోను ఊరివాళ్ళు డాయన్ అని హింసించారు. ప్రాణాలతో తప్పించుకుని, తనలాంటి ఆడవాళ్ళకు అండగా నిలబడింది. అస్సాంలో బీరుబాలా రాభా కూడా మంత్రగత్తె ముద్ర మీద జీవితమంతా పోరాడింది. ఇద్దరికీ 2021లో పద్మశ్రీ వచ్చింది. బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, అస్సాం 2015లో దీని మీద చట్టాలు చేశాయి. మన తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి పేరుతో మనుషుల్ని కొట్టిన వార్తలు మీరూ చదివే ఉంటారు.

చదువుకున్నాం, సిటీలో ఉన్నాం, మనకేం సంబంధం అనుకోకండి. భార్య నాలుగు రోజులు దిగులుగా ఉంటే "దయ్యం పట్టినట్టు ఏంటా మొహం" అనేది మనమే. ఫ్రెండ్ బ్రేకప్ కథ చెబుతూ "అది పెద్ద చుడైల్ రా" అంటే నవ్వేదీ మనమే.

విషం పూసుకుని వచ్చినదాన్నే స్వామి తల్లిగా లెక్కపెట్టాడు. తన రక్తం పాలుగా ఇస్తున్న మనింటి బాలింతను మనం పిశాచి అంటే, ఆ స్వామి ముందు ఏ మొహం పెట్టుకుని దీపం పెడతాం?

ఈ వారం చేయాల్సింది

ఒకటి. మీ ఇంట్లో, స్నేహితుల్లో ఎవరికైనా ఈ మధ్య కాన్పయితే ఫోన్ చేయండి. పాప ఎలా ఉందని తర్వాత అడగండి. "నువ్వు నిద్రపోతున్నావా?" అని ముందు అడగండి.

రెండు. పైన చెప్పిన తీవ్ర లక్షణాలు కనిపిస్తే అమావాస్య కోసం ఆగకండి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య సలహాకు టెలీమానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పెద్దవాళ్ళతో గొడవ పడకండి. "రక్ష కట్టండి అమ్మమ్మా, హాస్పిటల్‌కి కూడా వెళ్దాం" అనండి. వాళ్ళకున్నది కూడా ప్రేమే, దారి తెలియదంతే.

మూడు. మీ వంశంలో కాన్పులో పోయినవాళ్ళో, బాధపడి పోయినవాళ్ళో ఉంటే, వాళ్ళ పేరు తెలుసుకోండి. ఆ పేరు చెప్పుకుని ఒక దీపం పెట్టండి. భయంతో కాదు, మా ఇంటి ఆడపడుచు అని.

ఆ చెల్లెలి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రాత్రి వాళ్ళు వెళ్ళారు. కారులో అమ్మమ్మ విష్ణు సహస్రనామం చదువుతూనే ఉందట. డాక్టర్ అడ్మిట్ చేశారు. ఇప్పుడు వదిన ఇంట్లోనే ఉంది, మందులు వాడుతోంది, ఇంకా కొన్నాళ్ళు వాడాలి. మొన్న పాపను ఒళ్ళో పెట్టుకుని "దీని ముక్కు నాదే కదా" అందట.

ఆ మెసేజ్ చదివి కన్నయ్యకు దండం పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి.

శ్రీకృష్ణార్పణమస్తు.