తుపాకీ పేలకముందే జరిగే హింస

వేట పాపమా, కాదా అని తర్కించేవారు సాధారణంగా గుండు తగిలి కూలిన జంతువు దగ్గర మొదలుపెడతారు. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు అడవి చిక్కబడే ఊళ్ల విషయంలో ఆ తర్కాన్ని ఇంకాస్త వెనక్కి, ఇంటి పొయ్యి దగ్గరికి తీసుకెళ్లాలి. నాటు తుపాకీ గుండు కోసం ఇంట్లో సీసం కరిగిస్తే మొదటి హాని అక్కడే జరుగుతుంది. గోదావరిలో చేపలు పట్టేవారు వల అంచుకు కట్టే సీసపు గుళ్లను ఇంట్లో పోసుకున్నా అంతే.

లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. వన్యప్రాణుల వేట 1972 చట్టం ప్రకారం నేరం. ధర్మం అడిగే ప్రశ్న మాత్రం ఇంకొకటి ఉంది. ఎవరికీ కీడు తలపెట్టని మనిషి చేసిన పనివల్ల పక్కనున్న పసివాడికి కీడు జరిగితే, ఆ పాపం ఎవరిది?

సీసం తెలుగు నేలకు కొత్త కాదు. శాతవాహనులు సీసపు నాణేలు విరివిగా వేయించారు; కొండాపూర్, పెద్దబొంకూరు తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. 327 డిగ్రీల సెల్సియస్‌కే కరిగే లోహం కాబట్టి కట్టెల పొయ్యి చాలు. అయితే పొయ్యి మంట అక్కడితో ఆగదు. వేడి పెరిగేకొద్దీ కంటికి కనిపించని పొగ ఎక్కువవుతుంది. పైన తేలిన మడ్డిని గరిటెతో తీసి పారబోస్తే అది పొడిపొడిగా రాలి బూడిదలో, నేలమీద, బట్టల మీద చేరుతుంది. దానికి వాసన లేదు. కరిగించినవాడికి ఆ రోజు ఏ నొప్పీ తెలియకపోవచ్చు. అదే నేలమీద పాకే బిడ్డ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది.

మింగిన సీసంలో పెద్దల ఒంటికి పట్టేదానికంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పసిపిల్లల ఒంటికి పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత వరకు ఫర్వాలేదు అనదగ్గ మోతాదే లేదని కూడా ఆ సంస్థ మాట. ఎముకల్లో చేరిన సీసం దశాబ్దాలు నిలిచి, గర్భం దాల్చినప్పుడు తల్లి రక్తంలోకి దిగి కడుపులోని శిశువుకు చేరుతుంది. పిల్లల్లో మొదట దెబ్బతినేది మెదడు. సెనెగల్‌లోని తియారోయ్ సుర్ మేర్ అనే చోట 2007 చివర్లో మొదలై 2008 మార్చి నాటికి 18 మంది పిల్లలు చనిపోయారు. పాత బ్యాటరీల నుంచి సీసం తీసే పని అక్కడ ఇళ్ల మధ్యే సాగింది. అది బతుకుతెరువు కోసం చేసిన పని; పిల్లలకు కీడు చేయాలని ఎవరూ అనుకోలేదు.

తెలియక జరిగే ఈ హింసను మన ధర్మశాస్త్రాలు పట్టించుకోకపోలేదు. గృహస్థు ఇంట్లో ప్రాణులకు హాని జరిగే స్థానాలు అయిదని మనుస్మృతి మూడో అధ్యాయం లెక్కగట్టింది. వాటిలో మొదటిది పొయ్యి. తర్వాత రుబ్బురోలు, చీపురు, రోలూరోకలి, నీళ్లకుండ. వీటి దోషం పోవడానికే రోజూ పంచమహాయజ్ఞాలు చేయమంది. పొయ్యి లేకుండా ఇల్లు గడవదు కనుక ఆ దోషానికి పరిహారం ఉంది. మరి మానదగ్గ పనికి, హాని తెలిసిన పనికి కూడా అదే పరిహారం చెల్లుతుందా?

రాముడి ఊరైన భద్రాచలంలో ఈ ప్రశ్నకు దశరథుడి కథను మించిన ఉదాహరణ అక్కర్లేదు. చీకట్లో సరయూ తీరాన కడవ మునిగిన శబ్దాన్ని ఏనుగు నీళ్లు తాగే చప్పుడనుకుని బాణం వేశాడు. తగిలింది మునికుమారుడికి. తెలియక చంపావు కనుక బ్రహ్మహత్య అంటదని ఆ తండ్రి అన్నాడు, కానీ పుత్రశోకంతో పోతావన్న శాపం మాత్రం తప్పలేదు. తెలియకపోవడం పాపాన్ని తగ్గించింది, ఫలితాన్ని తుడిచెయ్యలేదు.

జైనుల తత్త్వార్థసూత్రం ఇంకా కచ్చితంగా మాట్లాడింది. ఏమరుపాటుతో ప్రాణానికి హాని చేయడమే హింస అని నిర్వచించింది. రామదాసు పుట్టిన నేలకొండపల్లిలో పెద్ద బౌద్ధ స్తూపం కూడా ఉంది. ఆ స్తూపం కట్టినవారి ధర్మంలో బుద్ధుడు ఉపాసకుడు చేయరాదన్న వ్యాపారాలు అయిదు. వాటిలో ఆయుధం ఒకటి, విషం మరొకటి. సీసపు గుండులో ఆ రెండూ ఉన్నాయి.

పోడు చేలను అడవిపందులు తవ్విపోసే రైతు బాధ నిజం. వల నడవకపోతే మత్స్యకారుడి పొయ్యి వెలగదన్నదీ నిజం. ఆ కష్టం పెద్దవాడిది, దాన్ని మోయడం ఎలాగో నిర్ణయించుకునే హక్కూ అతనిదే. బిడ్డకు ఆ నిర్ణయంలో మాట లేదు. తన ఒంటికి వచ్చే ముప్పును ఒప్పుకోవడం సాహసం కావచ్చు, అడగని బిడ్డ మీదకు దాన్ని మళ్లించడం హింసే. సీసం సంగతి చెవిన పడ్డ మరునాటి నుంచి అది తెలియక చేసిన హింస కూడా కాదు.

అందుకే జాగ్రత్త ఇక్కడ ధర్మంలో భాగం. తూటాలు పోయడం పూర్తిగా మానేయాలి. వలకు బజారులో దొరికే గుళ్లు కొనుక్కోవడమో, ఇనుప బరువులు కట్టుకోవడమో మేలు. తప్పనిసరై గుళ్లు పోసేవారు ఇంటికి దూరంగా, ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడాలి. పిల్లలు, గర్భిణులు దగ్గర ఉండకూడదు. అచ్చులో, ముక్కల్లో తడి ఉంటే కరిగిన సీసం కింద నీరు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని ముఖం మీదకు చిమ్ముతుంది. ముక్కుకు కట్టిన తువ్వాలు ఆ పొగను ఆపదు. ఆ మూకుడు, గరిటె మళ్లీ వంటకు వాడరాదు. రాలిన పొడిని చీపురుతో ఊడవక తడిగుడ్డతో తుడవాలి. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి ముట్టాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. పాత బ్యాటరీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పగలగొట్టొద్దు. ఇప్పటికే ఇంట్లో సీసం కరిగించినవారు ఆ మాట దాచకుండా డాక్టరుకు చెప్పి, పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష చేయించమని అడగాలి.