నూరురాతిమీద కత్తి వెన్ను



ఇతరుని తప్పును దిద్దువాడు ఎంతవరకు దిద్దవలెను? ఎక్కడ ఆపవలెను? తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును, సంఘపెద్దలకును, మావంటి కాపరులకును ఈ ప్రశ్న తప్పనిది. దీనికి జవాబును మేము చాలకాలము పుస్తకములలో వెదకితిమి. కడకు అది ఒక పాత మంగలికత్తియొద్ద మాకు దొరికినది.

మా గ్రామమున క్షురవృత్తి చేసి విశ్రమించిన యొక వృద్ధుడు కలడు. ఆయన కుమారుని దుకాణములో ఇప్పుడు మనిషి మనిషికి క్రొత్త సగము బ్లేడు వేయుదురు. అది మంచి పని. ఒకని రక్తము సోకిన కత్తి వేరొకని చెంపకు తగిలినయెడల ఎయిడ్స్, కాలేయపు వాపు మొదలగు వ్యాధులు అంటుకొనవచ్చును. అయితే ఆ వృద్ధుడు తన తండ్రి కత్తిని పారవేయలేదు. పెట్టె అడుగున తుప్పుపట్టి పడియున్న దానిని బాగుచేసి, తన గడ్డమును మాత్రము దానితోనే గీసికొనవలెనని తలంచెను. కొన్ని సాయంకాలములు మేము ఆయన అరుగుమీద కూర్చుండి ఆ పనిని చూచితిమి.

కత్తి మొదట షెఫీల్డ్ అను ఇంగ్లాండు పట్టణపు పేరు చెక్కబడియున్నది. 1740 తరువాతి సంవత్సరములలో బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారములు చేయువాడు, గడియారపు స్ప్రింగులకు మంచి ఉక్కు కావలెనని, ఆ పట్టణపు సమీపమున మూసలలో ఉక్కును కరిగించు విధానమును సాధించెను. తరువాత షెఫీల్డ్ కత్తులు దేశదేశములకు పోయెను. అంతకు ఎంతోముందే మన తెలంగాణములో, నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమువంటి గ్రామములలో, మూసల ఉక్కు చేయు కమ్మరులు ఉండిరి. 1820 ప్రాంతమున మైఖేల్ ఫేరడే అను గొప్ప శాస్త్రజ్ఞుడు మన దేశపు ఉక్కును పరీక్షించెను. తాను తయారుచేసిన ఉక్కుతో మంగలికత్తులు చేయించి స్నేహితులకు కానుకగా ఇచ్చెను. ఒక మంగలికత్తి వెనుక ఇందరి శ్రమ యున్నదని మేము అంతకుముందు ఎరుగము.

ఆ తరువాత 1903వ సంవత్సరమున అమెరికాలో జిల్లెట్ కంపెనీ పారవేయు బ్లేడును అమ్మకమునకు పెట్టెను. ఆ మొదటి యేట 51 కత్తులును 168 బ్లేడులును మాత్రమే అమ్ముడుపోయెనట. నేడు లోకమంతయు అదే పద్ధతి. మొద్దుబారిన బ్లేడును పారవేసి క్రొత్తది తీసికొందుము. అందులో దోషము లేదు. కాని మనుష్యుని అట్లు పారవేయుటకు వీలులేదు. అందుచేత నూరుట యనగా ఏమో మనము నేర్చుకొనవలసియున్నది.

మొదట తుప్పు సంగతి. కత్తిని బజారులోని యంత్రపు చక్రముమీద పెట్టిన క్షణములో మెరయునుగదా యని మేము అడిగితిమి. వృద్ధుడు తల అడ్డముగా ఊపెను. "మెరుస్తుంది అయ్యగారూ, కాని వేడెక్కిపోతుంది. పలచటి అంచు పసుపు తిరిగి, నీలం తిరిగిందంటే దాని గట్టితనం పోయినట్టే. తర్వాత ఎంత నూరినా పదును నిలవదు" అనెను. ఆయన చమురుతోను సన్నని గరుకు కాగితముతోను మెల్లగా రుద్దెను. వెన్నుమీది నల్లని మచ్చలను అట్లే విడిచిపెట్టెను. "అవి ఉంటే ఏమైంది? వాటితో గీస్తామా?" అని నవ్వెను. అంచును తినుచున్న తుప్పును మాత్రము విడువలేదు. ఏలయనగా అంచులోనికి గుంటలు పడినయెడల అది పొడిపొడిగా రాలిపోవును. సంఘములో మనము దీనికి విరోధముగా చేయుచుందుము. కంటికి కనబడు మచ్చలకొరకు కోపించి, అంచును తినుదానిని చూడము.

పిమ్మట నూరుట. ఈ దినములలో రాళ్లకు అంకెలు వేసి అమ్ముదురు. 1000 అంకెగల రాయి అంచును ఏర్పరచును. 4000, 8000 అంకెలుగలవి ఆ గీతలను నునుపుచేయును. కత్తిని రాతిమీద బొత్తిగా పరుండబెట్టవలెను. అప్పుడు అంచును, లావైన వెన్నును, రెండును ఒక్కసారే రాతిని తాకును. వెన్ను ఎంత లావో, కత్తి ఎంత వెడల్పో దానినిబట్టియే అంచు కోణము ఏర్పడును. అది రమారమి 16, 17 డిగ్రీలు. అంచు అరుగునప్పుడు వెన్నును అరుగును గనుకనే ఏండ్లు గడచినను ఆ కోణము చెడకుండును.

వెన్నును కొంచెము పైకెత్తిన పని త్వరగా కాదా యని మేము అడిగితిమి.

"త్వరగా పదునెక్కినట్టే ఉంటుంది అయ్యగారూ. కాని అంచు మొండిదవుతుంది. అది గడ్డం గీయదు, చర్మం కోస్తుంది" అని ఆయన బదులు చెప్పెను.

ఆ మాట మా గుండెలో నాటుకొనినది. కారణము చెప్పెదము.

రెండు సంవత్సరముల క్రిందట మా సంఘములోని యొక యౌవనుడు చందా సొమ్మును మూడు నెలలు ఆలస్యముగా చెల్లించెను. మేము ఆరాధన ముగింపున, ప్రకటనల సమయమున, అతని పేరుతో ఆ సంగతిని చదివితిమి. అతని తల్లి స్త్రీల వరుసలో కూర్చుండియుండెను. ఆ దినమునుండి అతడు గుడి గడప త్రొక్కలేదు. మేము క్రమశిక్షణ కాపాడితిమని అనుకొంటిమి. అయితే అదే సంవత్సరము బడి మరమ్మత్తు లెక్కలను మేము ఐదు నెలలు ఆలస్యముగా ఒప్పగించితిమి. పెద్దలు మమ్మును ప్రక్కకు పిలిచి మెల్లగా అడిగిరి. మా పేరును ఎవరును చదువలేదు. వెన్నును పైకెత్తి అంచును మాత్రమే రాతికి ఒత్తినవారము మేమే.

అయినయెడల తప్పును చూచి ఊరకుండవలెనా? అట్లు కాదు. మొద్దు కత్తి మెత్తనిదని తలంచువాడు దానితో ఒకసారి గడ్డము గీసికొని చూడవలెను. అది వెండ్రుకను తెంపక లాగును. చెయ్యి బలముగా ఒత్తును. అప్పుడే రక్తము వచ్చును. ఇనుము మొద్దుగానుండి నూరబడనియెడల ఎక్కువ బలము కావలెనను సంగతి ప్రసంగి గ్రంథము పదియవ అధ్యాయములోను ఉన్నది. మౌనము దయ కాదు. కాని రాయి ఎప్పుడు, తోలు ఎప్పుడు అనునది తెలియవలెను.

వృద్ధుడు ప్రతి ఉదయము కత్తిని తోలుపట్టీమీద నలువది యేబది మార్లు ఆడించును. రాతిమీద అంచు ముందుగా పోవును. తోలుమీద వెన్ను ముందుగా నడచి అంచు దాని వెంట వచ్చును. త్రిప్పునప్పుడు వెన్నుమీదనే త్రిప్పవలెను. రాయి లోహమును తీసివేయును. తోలు మిక్కిలి కొంచెమే తీసి, వంగిన అంచును చక్కపరచును. "రాయి ఏడాదికి రెండు మూడుసార్లు చాలు. తోలు మాత్రం రోజూ కావాలి. రోజూ రాతికి పెట్టేవాడి కత్తి కొన్నేళ్లకు దబ్బనమే" అని ఆయన చెప్పెను. బిడ్డకు దినదినము చెప్పు మంచి మాట తోలువంటిది. కఠినమైన గద్దింపు రాయివంటిది. అది అవసరమే, కాని అది తీసిన లోహము తిరిగి రాదు.

ఇంకొక సంగతి. అంచును దీపమునకెదురుగా పట్టి చూచినప్పుడు, మొద్దుగానున్న చోట వెలుగు తళుక్కుమనును. పదునైన అంచు మెరవదు. మా గద్దింపులలో ఎన్ని మా నీతిని మెరిపించుకొనుటకు చేసినవో మేము లెక్కించుకొంటిమి.

ఆ వారమే మేము ఆ యౌవనుని యింటికి పోతిమి. మొదట మా లెక్కల సంగతి చెప్పి, తరువాత క్షమాపణ అడిగితిమి. అతడు మంచినీళ్లు ఇచ్చి, చాలసేపు ఊరకుండి, "ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది అయ్యగారూ" అనెను. తరువాతి ఆదివారమున మా ఆలస్యమును మేమే సంఘము ఎదుట ఒప్పుకొంటిమి. అతడు ఇంకను ఆరాధనకు రాలేదు. మేము అతనిని తొందరపెట్టుట లేదు.

తప్పిదములో చిక్కిన వానిని సాత్వికముతో మంచిదారికి తెచ్చునప్పుడు తన్ను తాను చూచుకొనవలెనని అపొస్తలుడు గలతీయ సంఘమునకు వ్రాసెను. వెన్నును అంచుతోకూడ రాతిమీద పెట్టుట అనగా ఇదే యని మాకు తోచుచున్నది. లావుగానున్నవాడు, బలముగలవాడు, పదవిలోనున్నవాడు తానును అరుగుటకు సమ్మతించవలెను. లేనియెడల అతని దిద్దుబాటు పదును కాదు, గాయమే.

చదువరులారా, ఈ నెల మీ యింట ఎవరినైన గద్దింపవలసివచ్చినయెడల, నోరు తెరువకముందు ఒక్క క్షణము ఆగి, మీ వెన్ను రాతిమీద ఉన్నదో లేదో చూచుకొనుడి.