స్వభావం, శీలం, పుట్టుక: స్టువర్టుపురం నేపథ్యంలో మూర్తిమత్వ సిద్ధాంతాల నైతిక పరిశీలన

ప్రస్తావన

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అన్నది తెలుగు సామెత. “ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు” అన్నదీ తెలుగు సామెతే. మొదటిది స్వభావానికి పుట్టుకను మూలంగా చెబుతుంది. రెండవది సాంగత్యాన్ని చెబుతుంది. మూర్తిమత్వ లక్షణాలకు జైవిక పునాది ఉన్నదని అంగీకరిస్తే, మనిషి నడవడికి పుట్టుకనే కారణం చేయవచ్చునా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

సిద్ధాంత భూమిక

ఆయుర్వేదం వాత పిత్త కఫాలను బట్టి మనుషుల ప్రకృతిని వివరించింది. ఆధునిక కాలంలో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ 1936లో ఇంగ్లీషు నిఘంటువు నుంచి మనిషి తీరును తెలిపే సుమారు 18,000 పదాలను సేకరించారు. లక్షణాలకు శరీరంలో కారణం వెదికినవాడు హాన్స్ ఐసెంక్. బహిర్ముఖుల మెదడులో సహజ ఉత్తేజం తక్కువగా ఉంటుందని, అందుకే వారు బయటి ప్రేరణలను కోరుకుంటారని ఆయన 1967లో ప్రతిపాదించాడు. మూర్తిమత్వ భేదాలలో సుమారు 40 నుంచి 50 శాతం అనువంశికతకు చెందుతాయని కవలల అధ్యయనాలు సూచిస్తున్నాయి.

అయితే ఈ అంకె ఒక సమూహంలోని వ్యక్తుల మధ్య భేదాలకు సంబంధించినది. ఒక మనిషి స్వభావంలో సగం తల్లిదండ్రులదని దాని అర్థం కాదు. రెండు సమూహాల మధ్య భేదానికి పుట్టుకే కారణమని కూడా దానినుంచి తేల్చలేము.

స్టువర్టుపురం

ఈ విచక్షణ లోపిస్తే ఏమవుతుందో తెలుగు నేల చూసింది. కులవృత్తి తండ్రినుంచి కొడుకుకు వచ్చినట్లే నేరమూ వస్తుందన్న ఊహపై 1871 నేరస్థ తెగల చట్టం నిలిచింది. 1911లో అది మద్రాసు రాజధానికి విస్తరించింది. ఆ తరువాత బాపట్ల సమీపాన, హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరిట ఏర్పడిన స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచారు. పశువులపై ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకొన్న ఎరుకల వర్తకాన్ని రైలుమార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం దెబ్బతీసిన సంగతిని చట్టం లెక్కలోనికి తీసుకోలేదు. పోయిన బతుకుతెరువును వదలి, రక్తాన్ని తప్పుపట్టింది. ఇందులో వైరుధ్యం స్పష్టం. నేరం పుట్టుకతో వచ్చి మారనిదైతే, పనితో, చదువుతో సంస్కరించే శిబిరం ఎందుకు? మారగలదైతే, పసిబిడ్డపై పుట్టిననాడే ముద్ర ఎందుకు?

ముగింపు

1952 ఆగస్టు 31న ఈ చట్టం దేశమంతటా రద్దయినా, ఊరిపేరుకు అంటిన అపకీర్తి వెంటనే తొలగలేదు. ధర్మశాస్త్రాలలో ‘సాహసం’ బలప్రయోగంతో చేసిన నేరం. నేటి తెలుగులో అది మెచ్చుకోలు మాట. వెరపులేని స్వభావం పుట్టుకతో రావచ్చు. అది దొంగతనానికి దారితీస్తుందా, రక్షణకు నిలుస్తుందా అన్నది అవకాశాలు, ఎంపిక నిర్ణయిస్తాయి. స్వభావం లభించేది, శీలం ఆచరణలో ఏర్పడేది. తీర్పు రెండవదానికే వర్తించాలి. అదీ వ్యక్తికే గాని కులానికి కాదు.