గోసేవ ఎవరికొఱకు?

కోనసీమలో అంబాజీపేట యనగానే కొబ్బరి గుర్తునకు వచ్చును. గౌతమీ వసిష్ఠా శాఖల నడుమ గోదావరి ఒండ్రుతో ఏర్పడిన ఈ సీమలో కొబ్బరిచెట్ల నీడన అరటి, కంద, పసుపు పెరుగును. ఆ నీడలోనే ఒక ప్రక్క పశువులపాక ఉండును. పేడ తోటకు ఎరువగును. తోటలోని గడ్డి పశువునకు మేతయగును. పాలు ఇంటివారికి, వెన్న దేవునికి చేరును. వాడపల్లి వేంకటేశ్వరుని, అప్పనపల్లి బాలబాలాజీని, అంతర్వేది లక్ష్మీనరసింహుని దర్శింపబోవు యాత్రికులు ఇట్టి తోటల నడుమనుండియే సాగిపోవుదురు. ఈ సీమవారికి గోసేవ యనునది ప్రత్యేకముగ పేరు పెట్టి చేయవలసిన కార్యము కాదు. అది ప్రాతఃకాలమున పాక ఊడ్చుటతో ఆరంభమగు నిత్యకృత్యము.

కాలము మారినది. పట్టణములలో పెరిగిన పిల్లలకు పాలు తెలియును గాని పొదుగు తెలియదు. ఆ లోటును తీర్చుకొనుటకో యనునట్లు గోశాలలకు సేవకులు వచ్చుచున్నారు. సెలవుదినములలో కుటుంబములతో వచ్చి, పాకలు కడిగి, పేడ ఎత్తి, మేత వేసి, సాయంకాలము నామసంకీర్తనము చేసి పోవుదురు. తిరుమలలో 2000 సంవత్సరమున ఆరంభమైన శ్రీవారి సేవ, కూలి ఆశింపక కైంకర్యము చేయుటను వేలకొలది సామాన్య గృహస్థులకు అలవాటు చేసినది. ఇట్టి కోరిక మన దేశమునకే పరిమితము కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతవాసులు బరువులు మోయుటకును ఉన్నికొఱకును వేలయేండ్లుగ పెంచుకొనుచున్న లామా యను జంతువు ఒంటెజాతికి చెందినది. నేడు పాశ్చాత్యదేశములలో కొందరు లామాలను పెంచు క్షేత్రములకు పోయి, జీతము లేక వానికి సేవచేసి, చెట్ల నడుమ ధ్యానమునకు కూర్చుండి మనశ్శాంతిని వెదకికొనుచున్నారు. జంతువు వేరైనను మనుష్యుని వెదకులాట ఒక్కటియే.

అయితే ఇచట ఒక ప్రశ్న కలదు. సేవించినవానికి శాంతి లభించినది. సేవింపబడిన ప్రాణికి ఏమి లభించినది? మొదటిదానిని గూర్చి అందరును చెప్పుదురు. రెండవదానిని గూర్చి అడుగువారు అరుదు. పశువునకు నోరు లేదు గదా!

ఒక చిన్న ఉదాహరణము చాలును. పర్వదినమున గోశాలకు వచ్చిన ఇరువదిమంది భక్తులు ఒకే ఆవునకు చక్కెరపొంగలి, అన్నము, బెల్లము తినిపింతురనుకొనుడు. ఇరువదిమందికిని పుణ్యము చేసితిమను తృప్తి కలుగును. కాని ఆవు కడుపు గడ్డికొఱకు ఏర్పడినది. వండిన అన్నమును, ధాన్యమును, తీపి పదార్థములును ఒక్కమారుగ అధికముగ పడినచో లోపల పులిసి ఆమ్లము పెరుగును. పశువు మేత మాని చతికిలబడును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. ఆ తినుబండారములు తెచ్చిన ప్లాస్టిక్ సంచిని నమిలి మ్రింగిన ఆవు సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఇరువదిమందిలో భక్తికి లోటు లేదు. లోటు చూపునందున్నది. వారు తమ పుణ్యమును చూచికొనిరి గాని ఆవు కడుపును చూడలేదు.

కాళిదాసు రఘువంశమున దిలీప మహారాజు నందినీ ధేనువును సేవించిన కథ కలదు. ఆ రాజు తనకు తీరిక యైనప్పుడు ఆవును చూడబోలేదు. ఇరువదియొక్క దినములు ఆవు అడుగులవెంట అడుగులు వేసి, దాని వేళలనే తన వేళలుగ చేసికొనెను. రాజ్యభారము గలవాడు తన కాలమును పశువు కాలమునకు లోబరచెను. నేటి సేవకుడు పశువును తన ఆదివారమునకు లోబరచుచున్నాడు. పశువునకు ఆదివారము లేదు; సోమవారమునాడును ఆకలి వేయును.

ఇంతకంటె కఠినమైన సంగతి మ్రొక్కుల విషయమున ఎదురగును. సింహాచల క్షేత్రమున అప్పన్నస్వామికి కోడెదూడను సమర్పించు ఆచారము చిరకాలముగ నున్నది. దూడ పెరిగి దుక్కిదున్ను కాలమున రైతు తన ఇంటి బలమునే స్వామికి అర్పించుచున్నట్లు ఆ మ్రొక్కునకు అర్థముండెను. ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట ఎద్దునకు పని పోయినది. కోడెదూడ ఇంటికి భారమైనది. నేడు దూడను తెచ్చువాడు తనను తానే ప్రశ్నించుకొనవలెను: ప్రియమైనదానిని ఇచ్చుచున్నానా, వద్దనుకొన్నదానిని వదలించుకొనుచున్నానా? జున్నుపాలు కూడ కడుపార త్రాగని దూడను తల్లినుండి విడదీసి, బండికెత్తి, ఎండలో మైళ్లకొలది త్రిప్పి తెచ్చినచో అది బ్రతుకుట దుర్లభము. అట్టి సమర్పణమును స్వామి పేర చేసినంతమాత్రమున దోషము తొలగునా?

ఈ ప్రశ్న నేటిది కాదు. కఠోపనిషత్తులో నచికేతుడు బాలుడై యుండియే దీనిని గ్రహించెను. తండ్రి యజ్ఞమున దానమిచ్చుచున్న గోవులు ఇక మేయలేనివి, ఈనలేనివి, పాలుడిగినవి యని చూచి ఆ బాలుని మనస్సు కలతచెందెను. పనికిరానిదానిని ఇచ్చి స్వర్గమును కొనవచ్చునా యను ఆ కలతయే అతనిని యముని వాకిటివరకు నడిపించినది.

'పేదరైతు ఏమి చేయవలెను? వట్టిపోయిన ఆవును మేపలేక కటికవానికి అమ్ముటకంటె దేవునికి ఇచ్చుట మేలు కాదా?' యని అడుగవచ్చును. నిజముగ మేలే. ఈ మాటను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఆవు 15 నుండి 20 ఏండ్లు బ్రతుకును. పాలిచ్చునది అందులో కొన్ని ఏండ్లే. మిగిలిన ఏండ్ల మేతభారమును ఒక్క పేదవానిపై మోపి, పాలు త్రాగిన లోకమంతయు ప్రక్కకు తప్పుకొనుట ధర్మము కాదు. గోశాలలు అందుకొఱకే యున్నవి. అయితే గోశాల అనునది బాధ్యతను పంచుకొను చోటు కావలెను గాని పారవేయు చోటు కారాదు. కలిగినవాడు ఆవుతోపాటు దాని గ్రాసమునకును కొంత ఇచ్చుట, దూడ పాలు విడుచువరకు ఆగుట, స్వీకరించువారికి చోటున్నదో లేదో ముందు అడుగుట – ఇవి మ్రొక్కులో అంగములే. సేవకులకు చోటు కూడ ఇచటనే కలదు. గోపూజకు వందమంది వచ్చుదురు; గాలికుంటు సోకిన పశువు పుండ్లు కడుగుటకు ఒక్కడు దొరకినను చాలును.

కోనసీమవారికి ఈ ధర్మమును గోదావరియే నేర్పినది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో కొబ్బరిచెట్లు నేలగూలుటయే గాక, మనుష్యులును పశువులును పెద్దసంఖ్యలో మరణించిరి. నీరు పెరుగునప్పుడు లంకలవారు పశువులను ఏటిగట్టునకు తోలుకొనిపోవుదురు. తోలుకొనిపోవుటకు వ్యవధి లేనప్పుడు పలుపైనను విప్పవలెను. విప్పినచో అది ఈదియైన బ్రతుకును. కట్టియుంచినచో నిలిచినచోటనే మునుగును. అడవిమృగమునకు దాని కాళ్లు దానికున్నవి. పలుపు వేసినది మనుష్యుడు. ఆ ముడి వేసిన క్షణముననే ఆ ప్రాణి ఆకలి, దప్పి, రోగము, వార్ధక్యము అతని ఋణములైనవి. గోసేవ పుణ్యము సంపాదించు వ్యాపారము కాదు. ఆ ఋణమును తీర్చుట.

అట్లని సేవవలన కలుగు శాంతిని తప్పుపట్టరాదు. ఆవు మెడ నిమురునప్పుడు మనస్సు చల్లబడుట సహజము. అది స్వామి ఇచ్చు ప్రసాదము. ప్రసాదముకొఱకే కోవెలకు పోవువాడు భక్తుడు కాడు. స్వామికొఱకు పోయినవానికి ప్రసాదము ఎటులైనను దొరకును. వ్రేపల్లెలో కృష్ణుడు ఆవులకు అలంకారము చేసి విడువలేదు. ప్రతిదినము వానివెంట అడవికి పోయి మేపెను.

గోశాలనుండి మరలివచ్చు సేవకుడు తన మనస్సు ఎంత తేలికపడినదో చూచికొనుటకు ముందు ఒక్కమారు వెనుదిరిగి చూడవలెను. తొట్టిలో నీరున్నదా? కాలిక్రింద నేల పొడిగ నున్నదా? రేపు మేత వేయువాడు ఎవడు? ఈ మూడింటికిని సమాధానము దొరకినచో ఆ దినపు కైంకర్యము నెరవేరినట్లే.